విస్పర్ బీకన్ షెడ్యూలర్: ఏ స్లాట్‌లో ప్రసారం చేయాలన్న నిర్ణయాన్ని ఇద్దరం కలిసి రాయడం ఎలా?

గోదారిగట్టు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. నేనూ, బెంగళూరులో ఉంటున్న నా మిత్రుడూ కలిసి ఒక చిన్న విస్పర్ బీకన్‌కు, అంటే హామ్ రేడియోలో నిర్ణీత వేళలకు చిన్న సందేశం పంపే ట్రాన్స్‌మిటర్‌కు, సాఫ్ట్‌వేర్ రాస్తున్నాం. రాజమహేంద్రవరంలో నా దగ్గర అది రాస్‌ప్‌బెరీ పై అనే చిన్న కంప్యూటర్ మీద, పైథాన్‌లో నడుస్తూ, రేడియోలను నియంత్రించే హామ్‌లిబ్ లైబ్రరీ ద్వారా 5 వాట్ల రిగ్‌ను (రేడియో సెట్‌ను) నడిపిస్తుంది. ఆయన దగ్గర ఈఎస్‌పీ32 అనే మైక్రోకంట్రోలర్ మీద, సీ ప్లస్ ప్లస్‌లో నడుస్తూ, ఫ్రీక్వెన్సీని పుట్టించే ఎస్‌ఐ5351 చిప్ ఆధారంగా కట్టుకున్న 200 మిల్లీవాట్ల ట్రాన్స్‌మిటర్‌ను నడిపిస్తుంది. పక్కనే ఆయనకు ఒక ఎస్‌డీఆర్ (సాఫ్ట్‌వేర్‌తో నడిచే) రిసీవర్ కూడా ఉంది కాబట్టి, ప్రసారం లేని సమయంలో ఇద్దరం వింటూనే ఉంటాం.

విస్పర్‌తో పరిచయం లేనివారి కోసం రెండు ముక్కలు. తక్కువ పవర్‌తో సంకేతాలు ఎంత దూరం చేరుతున్నాయో చూడడానికి జో టేలర్ 2008లో తెచ్చిన ఈ పద్ధతిలో కాలమంతా రెండేసి నిమిషాల స్లాట్లుగా ఉంటుంది. యూటీసీ సరి నిమిషం మొదలైన ఒక సెకనుకు ప్రసారం మొదలై, 162 సింబళ్లు పంపి, 110.6 సెకన్లకు ముగుస్తుంది. పంపేది కాల్‌సైన్ (స్టేషన్ గుర్తింపు పేరు), నాలుగక్షరాల లొకేటర్ (స్టేషన్ ఉన్న చోటును చెప్పే సంకేతం), డీబీఎంలలో (ఒక మిల్లీవాట్‌తో పోల్చి చెప్పే కొలతలో) పవర్ మాత్రమే. ప్రతి స్లాట్‌లోనూ పంపాలా, వినాలా అన్నది సాఫ్ట్‌వేర్ తేల్చుకోవాలి. బ్యాండ్ల (మీటర్లలో తరంగదైర్ఘ్యంతో పిలిచే ఫ్రీక్వెన్సీ శ్రేణుల) విషయంలో మేము విస్పర్‌కు వాడే డబ్ల్యూఎస్‌జేటీ-ఎక్స్ ప్రోగ్రాంలో ఉన్న 20 నిమిషాల ఉమ్మడి వరుసనే పాటిస్తున్నాం: గంట మొదట్లో 160 మీటర్లు, ఆ తరువాత రెండేసి నిమిషాలకు 80, 60, 40, 30, 20, 17, 15, 12, 10 మీటర్లు, మళ్ళీ మొదటికి.

మా మధ్య అభిప్రాయభేదం ఇక్కడే వచ్చింది. ప్రతి స్లాట్ ముందూ యాదృచ్ఛిక సంఖ్య ఒకటి తీసి, 20 శాతం సంభావ్యతతో ప్రసారం చేస్తే చాలునని, అందరూ చేసేది అదేనని ఆయన అంటారు. ఏ 20 నిమిషాల చక్రంలో ఏ బ్యాండ్ మీద పంపాలో ముందే పట్టికగా రాసిపెట్టుకుందామని నేను అంటాను. నాకు సూర్యాస్తమయ వేళ 20 మీటర్లు ముఖ్యం. యాదృచ్ఛికంగా వదిలేస్తే కొన్ని సాయంత్రాలు ఆ బ్యాండ్ మీద ఒక్క ప్రసారమూ లేకుండానే గడిచిపోతున్నాయి. పైగా ఏదైనా తేడా జరిగిందని ఆయన చెప్పినప్పుడు నా దగ్గర దాన్ని మళ్ళీ రప్పించి చూసే దారి ఉండడం లేదు. ఆయన అభ్యంతరమూ కొట్టిపారేయదగినది కాదు. ఒకే పట్టికను ఇద్దరు వాడితే ఇద్దరూ ఒకేసారి పంపుతారు, ఒకేసారి వింటారు, ఒకరినొకరు ఎన్నటికీ వినరు.

రెండో ప్రశ్న పని పంచుకోవడం గురించి. భాషలు వేరు, హార్డ్‌వేర్ వేరు అయినప్పుడు ఈ షెడ్యూలర్‌లో ఏది ఉమ్మడిగా ఉండాలి, ఏది ఎవరిది వారికి వదిలేయాలి? ఇలాంటిది కలిసి రాసిన అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

చార్మినార్_73

మీ ఇద్దరి వాదనల్లోనూ బలం ఉంది. అయితే మీరు తేల్చుకోవలసింది యాదృచ్ఛికమా, పట్టికా అన్నది కాదని నాకు అనిపిస్తోంది. యాదృచ్ఛికత ఎంత పరిధిలో ఉండాలన్నదే అసలు విషయం.

ముందు లెక్క చూద్దాం. ఒక బ్యాండ్ 20 నిమిషాలకొకసారి వస్తుంది, అంటే గంటకు మూడుసార్లు. ప్రతిసారీ 20 శాతం సంభావ్యతతో పంపితే, ఒక గంటలో ఆ బ్యాండ్ మీద ఒక్కసారి కూడా పంపకపోయే అవకాశం 0.8 ఘనం, అంటే 51 శాతం. మీరు చెప్పే సాయంకాలపు మూడు గంటలు తీసుకుంటే తొమ్మిది అవకాశాలు వస్తాయి, అన్నీ వృథా అయ్యే అవకాశం 13 శాతానికి కాస్త పైన. వారానికి దాదాపు ఒక సాయంత్రం ఖాళీగా పోతుందన్నమాట. ఇది ప్రోగ్రాంలోని దోషం కాదు, ఆ పద్ధతి స్వభావమే అంత.

దీనికి నేను సూచించేది చీట్లు వేసి తీయడం లాంటి పద్ధతి. ఒక బ్యాండ్‌కు వరుసగా వచ్చే ఐదు అవకాశాలను ఒక కట్టగా తీసుకోండి. ఆ ఐదింటిలో ఒక్కదానిలోనే ప్రసారం, అది ఎన్నోది అన్నది మాత్రం యాదృచ్ఛికం. సగటు 20 శాతమే ఉంటుంది. ఒక కట్టలో మొదటి అవకాశం, తరువాతి కట్టలో చివరి అవకాశం పడితే రెండు ప్రసారాల మధ్య దూరం అత్యధికంగా తొమ్మిది చక్రాలు, అంటే 180 నిమిషాలు. కాబట్టి ఏ మూడు గంటలు తీసుకున్నా ఆ బ్యాండ్ మీద కనీసం ఒక ప్రసారం ఖాయం. ఒక్క గంట మాత్రమే చూస్తే లాభం అంతగా కనబడదు, ఆ 51 శాతం సుమారు 43కు తగ్గుతుంది, అంతే. మీకు కావలసింది సాయంత్రమంతా కాబట్టి ఇది సరిపోతుంది.

ఇక పని పంపకం. నిర్ణయాన్నీ, దాని అమలునూ విడదీయండి. నిర్ణయం చేసే ఫంక్షన్‌కు మూడే ఇన్‌పుట్‌లు ఉండాలి: కాల్‌సైన్, స్లాట్ సంఖ్య, ప్రసార శాతం. అది రెండే చెప్పాలి: ఏ బ్యాండ్, పంపాలా వినాలా. లోపల గడియారం చూడకూడదు, ఫైలు చదవకూడదు, రిగ్‌తో మాట్లాడకూడదు, వెనుకటి స్లాట్‌లో ఏం జరిగిందో గుర్తుపెట్టుకోకూడదు. స్లాట్ సంఖ్య అంటే యూనిక్స్ కాలాన్ని (1970 మొదలు నుంచి గడిచిన సెకన్లను) 120తో భాగించగా వచ్చిన పూర్ణాంకం. చక్రం సంఖ్య కావాలంటే ఆ కాలాన్నే 1200తో, కట్ట సంఖ్య కావాలంటే 6000తో భాగించండి. యూనిక్స్ కాలం యూటీసీ అర్ధరాత్రి నుంచి మొదలవుతుంది కాబట్టి 20 నిమిషాల చక్రాలు గంటతో సరిగ్గా కలుస్తాయి. వంద నిమిషాల కట్టలు రోజుతో కలవవు, అది మనకు మేలే. రోజూ ఒకే వేళకు కట్ట మొదలైతే మళ్ళీ ఏదో ఒక క్రమం స్థిరపడిపోతుంది.

యాదృచ్ఛికతను కూడా యాదృచ్ఛిక సంఖ్యల జనరేటర్ నుంచి తీసుకోకండి. కాల్‌సైన్, బ్యాండ్, కట్ట సంఖ్య కలిపి హ్యాష్ చేసి (ఒకే ఇన్‌పుట్‌కు ఎప్పుడూ ఒకే సంఖ్యను ఇచ్చే, కానీ చూడడానికి యాదృచ్ఛికంగా ఉండే లెక్క వేసి), ఆ విలువను ఐదుతో భాగిస్తే వచ్చే శేషమే చీటీ. కాల్‌సైన్ మారితే చీట్లు మారతాయి కాబట్టి మీ మిత్రుని భయం తీరుతుంది. అదే కాల్‌సైన్‌కు అదే స్లాట్‌లో ఎప్పుడు అడిగినా ఒకే జవాబు వస్తుంది కాబట్టి మీ ఇబ్బందీ తీరుతుంది. కరెంటు పోయి వచ్చినా, ప్రోగ్రాం మధ్యలో ఆగి మళ్ళీ మొదలైనా షెడ్యూల్ చెక్కుచెదరదు. ఆయన బెంగళూరు నుంచి ఫలానా స్లాట్‌లో తప్పు జరిగిందంటే, మీరు ఆ సంఖ్యను ఫంక్షన్‌కు ఇచ్చి మీ బల్ల దగ్గరే చూసుకోవచ్చు.

చివరగా ఒక మాట. డబ్ల్యూఎస్‌జేటీ-ఎక్స్ కోడ్ జీపీఎల్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ లైసెన్సు మూడవ వెర్షన్ కింద ఉంది. అందులోంచి ఏ భాగమైనా తెచ్చుకుని మీ ప్రోగ్రామ్‌ను పంచిపెడితే, మీ ప్రాజెక్టుకు కూడా ఆ లైసెన్సే వర్తిస్తుంది. ఆ సంగతి ఇద్దరూ మొదట్లోనే మాట్లాడుకోండి.

ఉక్కునగరం

పైన చెప్పిన విభజన బాగుంది. కానీ ఒక్కో బ్యాండ్‌కు విడివిడిగా చీటీ తీస్తే పక్కపక్క స్లాట్లలో ప్రసారాలు పడతాయి. ఇప్పుడు ఏ స్లాట్‌లోనైనా పంపే అవకాశం ఐదింట ఒకటి, దాని తరువాతి స్లాట్‌లోనూ అంతే. రోజుకు 720 స్లాట్లు కాబట్టి సుమారు 29 సార్లు వెంటవెంటనే రెండు ప్రసారాలు జరుగుతాయి, కొన్నిసార్లు మూడు కూడా. విస్పర్ ప్రసారం మాట్లాడినట్టు తెరిపి ఇస్తూ సాగేది కాదు. 110 సెకన్ల పాటు పూర్తి పవర్ ఆగకుండా పోతుంది, మధ్యలో విరామం 9.4 సెకన్లే. చిన్న రిగ్‌లలో ఫైనల్ ట్రాన్సిస్టర్ ఎంత వేడెక్కుతుందో చేత్తో ముట్టుకుంటేనే తెలుస్తుంది. నిర్ణయంలోనే ఈ విషయం చూసుకునే మార్గం ఉంటే మంచిది.

నేను ప్రధానంగా చెప్పదలచుకున్నది అమలు వైపు సంగతి. అది మీ ఇద్దరికీ వేరువేరుగా ఉంటుంది, కానీ నియమాలు మాత్రం ఒకటే ఉండాలి.

మొదటిది గడియారం. రాస్‌ప్‌బెరీ పై పాత మోడళ్లలో సొంత గడియారం లేదు, ఐదవ మోడల్‌లో ఉన్నా దానికి బ్యాటరీ విడిగా పెట్టుకోవాలి. కరెంటు పోయి వచ్చాక చాలా పైలు, ఆపే ముందు ఫైలులో దాచుకున్న సమయాన్నే తెచ్చుకుని నడక మొదలుపెడతాయి. రెండు గంటలు కరెంటు లేకపోతే గడియారం రెండు గంటలు వెనకబడి ఉంటుంది, అయినా దానికి ఏ అనుమానమూ ఉండదు. ఇంటర్నెట్ రౌటర్ లేచేసరికి మరో రెండు మూడు నిమిషాలు పడుతుంది. ఆ లోపల మీ ఫంక్షన్ తనకు ఇచ్చిన స్లాట్ సంఖ్యకు సరైన జవాబే చెబుతుంది, కానీ ఆ సంఖ్యే తప్పు. అందువల్ల గడియారాన్ని సరిచేసే క్రోనీ ప్రోగ్రాం గానీ మీరు వాడే మరొకటి గానీ సమయం కుదిరిందని ధ్రువీకరించే వరకు పీటీటీ (రేడియోను ప్రసారంలోకి మార్చే మీట) వైపు వెళ్లకూడదు. విస్పర్‌కు గడియారం ఒక సెకను లోపు సరిగా ఉండాలి. నేనైతే అరసెకను దాటితే ప్రసారం మానేయమని రాస్తాను. ఈఎస్‌పీ32 వైపు జీపీఎస్ మాడ్యూల్ పెట్టుకుంటే ఇంటర్నెట్ కోసం ఎదురుచూపు కూడా ఉండదు.

రెండవది ఆలస్యం. ప్రోగ్రాం ఏ కారణం వల్లనైనా స్లాట్ మొదలైన నాలుగు సెకన్లకు మేల్కొందనుకోండి. అప్పుడు పంపితే అవతలివారు డీకోడ్ చేసుకోలేరు, పైగా చివరి భాగం తరువాతి స్లాట్ అంచుకు జరుగుతుంది. ఆ స్లాట్‌ను వదిలేయడమే సరైన పని. వదిలేసిన ప్రసారాన్ని బాకీగా రాసుకుని తరువాత తీర్చడానికి మాత్రం ప్రయత్నించకండి. అలా చేసిన మరుక్షణం షెడ్యూలర్ గతాన్ని గుర్తుపెట్టుకోవలసి వస్తుంది, పై జవాబులో చెప్పిన సుగుణమంతా పోతుంది.

మూడవది పీటీటీ. ప్రసారాన్ని ఆపవలసిన సమయాన్ని గోడగడియారం లాంటి సిస్టమ్ సమయంతో కొలవకండి, ఎప్పుడూ ముందుకే నడిచే మోనోటోనిక్ క్లాక్‌తో కొలవండి. ప్రసారం మధ్యలో సిస్టమ్ సమయం వెనక్కి సవరించబడితే, ఆపవలసిన క్షణం ఎప్పటికీ రాకుండా రిగ్ ప్రసారంలోనే ఉండిపోయే ప్రమాదం ఉంది. దీనికి తోడు, సాఫ్ట్‌వేర్ మొత్తం స్తంభించినా 115 సెకన్లకు పీటీటీని వదిలించే టైమర్ ఒకటి హార్డ్‌వేర్‌లో ఉండాలి. అది లేని బీకన్‌ను నేను నా యాంటెన్నాకు కలపను.

బ్యాండ్ మార్పు ఎప్పుడన్నది కూడా రాసిపెట్టుకోండి. ప్రసారం ముగిశాక స్లాట్ పూర్తవడానికి ఎనిమిది సెకన్లకు పైగా ఉంటుంది. ఫ్రీక్వెన్సీ మార్పు, ఎస్‌ఐ5351 తరువాత ఉండే లోపాస్ ఫిల్టర్ రిలే మార్పు ఆ వ్యవధిలోనే జరిగిపోవాలి. ఆ చిప్ ఇచ్చేది చదరపు తరంగం కాబట్టి తప్పు ఫిల్టర్‌తో పంపితే హార్మోనిక్‌లు (అసలు ఫ్రీక్వెన్సీకి రెట్లలో వచ్చే అవాంఛిత సంకేతాలు) నేరుగా యాంటెన్నాకు పోతాయి. సింబళ్ల మధ్య 682.67 మిల్లీసెకన్ల లెక్కను మాత్రం షెడ్యూలర్‌లోకి తేకండి, అది ట్రాన్స్‌మిటర్ కోడ్ పని.

డాలస్_తెలుగు

ఉక్కునగరం గారు లేవనెత్తిన పక్కపక్క స్లాట్ల సమస్యకు చక్కటి పరిష్కారం ఉంది. బ్యాండ్‌కొక చీటీ తీయకుండా, పది బ్యాండ్లకూ కలిపి ఒకే క్రమాన్ని తీయండి.

బ్యాండ్లకు వరుసలో 0 నుంచి 9 వరకు అంకెలు ఇచ్చి, వాటిని ఐదేసి దూరంలో జతలు చేయండి: 160తో 20, 80తో 17, 60తో 15, 40తో 12, 30తో 10. 0 నుంచి 4 వరకు ఐదు జతలు, కట్టలో ఐదు చక్రాలు. ఏ చక్రంలో ఏ జత అన్నది ఐదు అంకెల క్రమం, అలాంటి క్రమాలు 120. కాల్‌సైన్, కట్ట సంఖ్య కలిపి హ్యాష్ చేసి, దాన్ని 120తో భాగించగా వచ్చిన శేషంతో క్రమాన్ని ఎంచుకోండి. ప్రతి చక్రంలోనూ సరిగ్గా రెండు ప్రసారాలు, వాటి మధ్య పది నిమిషాల దూరం, ప్రతి కట్టలోనూ ప్రతి బ్యాండ్‌కు సరిగ్గా ఒకటి. 180 నిమిషాల హామీ అలాగే నిలుస్తుంది.

పక్కపక్క స్లాట్లు వచ్చే సందర్భం ఇప్పుడు ఒక్కటే మిగులుతుంది. ఒక చక్రంలో చివరి జత, ఆ వెంటనే వచ్చే చక్రంలో మొదటి జత పడితే, 18వ నిమిషంలో 10 మీటర్ల మీద, ఆ తరువాతి స్లాట్‌లోనే 160 మీటర్ల మీద పంపవలసి వస్తుంది. దీన్ని కూడా తప్పించాలంటే, 4 వెంటనే 0 వచ్చే క్రమాలను, 0తో మొదలయ్యే క్రమాలను తీసేయండి. మొదటివి 24, రెండోవి 24, రెండింటిలోనూ ఉన్నవి ఏవీ లేవు, మిగిలేవి 72.

ఇక రెండు భాషల్లో రాస్తున్నారు కాబట్టి ఒక ముఖ్యమైన హెచ్చరిక. పైథాన్‌లో స్ట్రింగ్‌లకు వాడే సొంత హ్యాష్ ఫంక్షన్‌ను ఇక్కడ వాడకండి. 3.3 వెర్షన్ నుంచి అది ప్రోగ్రాం మొదలైన ప్రతిసారీ వేరే విలువ ఇస్తుంది. ఒకే నడకలో పరీక్షలన్నీ నెగ్గుతాయి, మళ్ళీ మొదలుపెడితే షెడ్యూల్ మారిపోతుంది, కారణం వెతకడానికి ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదు. ఎస్‌హెచ్‌ఏ-256 అనే ప్రామాణిక హ్యాష్ తీసుకోండి, అది పైథాన్‌లోనూ ఈఎస్‌పీ32లోనూ సిద్ధంగా దొరుకుతుంది. అయినా ఆ పేరు ఒక్కటే రాసుకుంటే సరిపోదు. కాల్‌సైన్ పెద్ద అక్షరాల్లోనే ఉండాలి, దాని తరువాత ఒక అడ్డగీత, ఆ తరువాత కట్ట సంఖ్య దశాంశ అంకెల్లో, ముందు సున్నాలు లేకుండా ఉండాలి. వచ్చిన విలువలో మొదటి నాలుగు బైట్లను, పెద్ద బైట్ ముందుగా చదివి ఒక సంఖ్యగా తీసుకోవాలి. 120 క్రమాలను నిఘంటువు వరుసలో లెక్కపెట్టాలి. వీటిలో ఏ ఒక్కటి తేడా వచ్చినా ఇద్దరి ప్రోగ్రామ్‌లూ విడివిడిగా సక్రమంగానే కనబడతాయి, కానీ ఒకదాని జవాబు మరొకదానితో కలవదు.

అందుకే మీ ఇద్దరి మధ్య ఉమ్మడిగా ఉండవలసింది కోడ్ కాదు, ఒక జవాబుల ఫైలు. నాలుగైదు కల్పిత కాల్‌సైన్లు, కొన్ని వందల స్లాట్ సంఖ్యలు, వాటికి రావలసిన బ్యాండ్, నిర్ణయం, వరుసకొకటి చొప్పున అందులో ఉండాలి. రెండు ప్రోగ్రామ్‌లూ ఆ ఫైలును చదివి తమ జవాబులతో పోల్చుకోవాలి. ఎవరు మార్పు పంపినా ముందు ఆ పోలిక నెగ్గాలి, ఫైలునే మార్చవలసి వస్తే ఇద్దరూ ఒప్పుకోవాలి.

చార్మినార్_73

జతల ఆలోచన నాది కంటే మెరుగైనది, అందులో సందేహం లేదు. అయితే ఆ 72కు కుదించడం దగ్గర ఆగి ఒకసారి చూడాలి.

0తో మొదలయ్యే క్రమాలన్నీ తీసేస్తే 160, 20 మీటర్ల జత కట్టలోని మొదటి చక్రంలో ఎప్పటికీ రాదు. మిగతా నాలుగు చోట్లా 18 క్రమాల చొప్పున సమానంగా పడుతుంది. కట్టలు యూనిక్స్ కాలంతో లెక్కిస్తున్నాం కాబట్టి ఈ సాఫ్ట్‌వేర్ వాడే అందరికీ మొదటి చక్రం ఒకటే. అంటే ఇద్దరు స్టేషన్లు 20 మీటర్ల మీద ఒకే స్లాట్‌లో పంపి ఒకరినొకరు వినలేకపోయే అవకాశం ఐదింట ఒకటి నుంచి నాలుగింట ఒకటికి పెరుగుతుంది. ప్రశ్న అడిగినవారికి అన్నిటికంటే ముఖ్యమైన బ్యాండ్ అదే. కాల్‌సైన్‌ను బట్టి కట్ట మొదలును కొన్ని చక్రాలు జరిపితే ఇది సర్దుకుంటుంది, కానీ మరో నియమం, మరో పరీక్ష, మరో అపార్థానికి చోటు.

ఆ నిషేధమే లేకపోతే ఎంత నష్టమో లెక్కవేశాను. 4 వెంటనే 0 రావడం ఒక కట్ట లోపల ఐదింట ఒకసారి, రెండు కట్టల అంచున 25లో ఒకసారి. కలిపితే వంద నిమిషాలకు 0.24, అంటే సగటున ఏడు గంటలకొకసారి, రోజుకు మూడు నాలుగుసార్లు. మొదటి పద్ధతిలో అది 29. మూడు ప్రసారాలు వరుసగా రావడం జతల పద్ధతిలో అసలు సాధ్యమే కాదు. ఉక్కునగరం గారు ఏమంటారు?

ఉక్కునగరం

ఏడు గంటలకొకసారి 221 సెకన్ల ప్రసారం, మధ్యలో తొమ్మిది సెకన్ల తెరిపి అంటే 5 వాట్ల రిగ్‌కు గానీ 200 మిల్లీవాట్ల సెట్‌కు గానీ ఇబ్బంది ఏమీ లేదు. నా అభ్యంతరం రోజుకు 29 సార్ల గురించి. నిషేధం తీసేయండి, 120 క్రమాలూ ఉంచండి. ఎవరైనా దీనికి వంద వాట్ల ఆంప్లిఫయర్ తగిలిస్తే వేడిని చూసి ఆపే పని అమలు వైపు పెట్టుకోవాలి, నిర్ణయం వైపు కాదు.

గోదారిగట్టు

అందరికీ కృతజ్ఞతలు. మిత్రునితో మాట్లాడాను. చీట్ల పద్ధతికి ఆయన వెంటనే ఒప్పుకున్నారు, జవాబుల ఫైలు మాట ఇంకా ఎక్కువ నచ్చింది. 120 క్రమాలతోనే వెళ్తున్నాం. నేను పరీక్షలు ముందు రాస్తాను: ఏ కట్టలోనైనా ప్రతి బ్యాండ్‌కు ఒక్కటే ప్రసారం ఉందా, ఒకే చక్రంలోని రెండు ప్రసారాల మధ్య ఐదు స్లాట్ల దూరం ఉందా, ఏ బ్యాండ్ మీదా 180 నిమిషాలు దాటిన ఎడం ఉందా అన్నవి. ఆయన ఫంక్షన్ రాస్తారు. ఆ తరువాత దాన్ని చూడకుండా నేను పైథాన్‌లో విడిగా రాసి, రెండింటి జవాబులనూ పోలుస్తాం. ప్రతి స్లాట్‌కూ లాగ్‌లో ఒక వరుస ఉంటుంది. పంపకపోతే ఎందుకు పంపలేదో, అంటే వంతు రాలేదా, గడియారం కుదరలేదా, ఆలస్యమా అన్నది అందులోనే ఉంటుంది.

మూడు సందేహాలు మిగిలాయి. ప్రసార శాతాన్ని వాడేవారు మార్చుకోగలగాలని, ఉదాహరణకు 30 శాతం పెట్టుకోగలగాలని ఆయన కోరిక. రెండోది, 60 మీటర్ల వంటి బ్యాండ్‌కు కొన్ని దేశాల్లో అనుమతి లేకపోతే ఆ స్లాట్‌ను ఏం చేయాలి? మూడోది, ఆయన అప్పుడప్పుడు ఊళ్ళు తిరుగుతూ కాల్‌సైన్ చివర వాలుగీత (/) పెట్టి పీ (పోర్టబుల్) చేర్చి పంపుతారు. దానికి ప్రత్యేకంగా చేయవలసింది ఏమైనా ఉందా?

డాలస్_తెలుగు

శాతాన్ని ఏ అంకెకైనా మార్చుకునేలా పెట్టకండి. జతల పద్ధతి పదిని నిశ్శేషంగా భాగించే అంకెలకే పని చేస్తుంది. కట్ట పొడవు 10 అయితే చక్రానికి ఒక ప్రసారం, అంటే 10 శాతం. 5 అయితే 20 శాతం. 2 అయితే ఐదు, అంటే 50 శాతం, ఒక స్లాట్ పంపి ఒక స్లాట్ వినడం. ఈ మూడింటినే మెనూలో పెట్టండి. 30 కోసం పద్ధతిని వంచితే హామీలన్నీ సడలుతాయి, ఆ పది శాతం తేడా వల్ల అవతలివారికి ఒరిగేదేమీ లేదు. 10 శాతానికి క్రమాలు 120 కావు, 36,28,800 అవుతాయి కాబట్టి పట్టిక పెట్టుకోకుండా క్రమాన్ని సంఖ్య నుంచి నేరుగా లెక్కించే పద్ధతినే మొదటి నుంచీ రాయండి.

అనుమతి లేని బ్యాండ్ విషయంలో నిర్ణయ ఫంక్షన్‌ను ముట్టుకోకండి. అది పంపమని చెప్పినా, అనుమతుల జాబితా చూసి ఆపే తలుపు దాని తరువాత ఉండాలి. ఆ స్లాట్‌లో వింటూ ఉండండి, వినడానికి ఇబ్బంది లేదు. తనకు వీలుకాని బ్యాండ్ వచ్చినప్పుడు డబ్ల్యూఎస్‌జేటీ-ఎక్స్ మిగతా వాటిలోంచి ఒకదాన్ని యాదృచ్ఛికంగా ఎంచుకుంటుంది. మీరు అలా చేస్తే ఒకటికి ఒకటే అన్న లెక్క చెడుతుంది. ఆ తలుపు దగ్గరే ఆపరేటర్ ఉన్నారా లేదా అన్న స్విచ్ కూడా పెట్టండి. మా అమెరికా నిబంధనల్లో ఆటోమేటిక్ కంట్రోల్ మీద నడిచే బీకన్లకు 28.2 నుంచి 28.3 మెగాహెర్ట్జ్ వంటి కొన్ని భాగాల్లోనే అనుమతి ఉంది, విస్పర్ హెచ్‌ఎఫ్ ఫ్రీక్వెన్సీలు అందులోకి రావు. మనిషి లేనప్పుడు ప్రసారం ఆగిపోవాలి. ఎవరి దేశపు లైసెన్సు షరతులు వారు చూసుకుని ఆ స్విచ్‌ను వాడుకుంటారు.

కాల్‌సైన్‌కు గీత చేరిన సందర్భం మాత్రం ఈ పద్ధతితో నేరుగా ముడిపడి ఉంది. అలాంటి కాల్‌సైన్ ఒక్క సందేశంలో పట్టదు. మొదటి సందేశంలో పూర్తి కాల్‌సైన్, పవర్ వెళ్తాయి. రెండో దానిలో కాల్‌సైన్ బదులు దాని 15 బిట్ల హ్యాష్, పవర్, ఆరక్షరాల లొకేటర్ వెళ్తాయి. మొదటిదాన్ని విన్న స్టేషనే రెండోదానిలోని హ్యాష్ ఎవరిదో గుర్తుపట్టగలదు. ఇప్పుడు, పంపిన ప్రతిసారీ ఒకటి మార్చి ఒకటి పంపుదామని సహజంగానే అనిపిస్తుంది. మీ చక్రానికి సరిగ్గా రెండే ప్రసారాలు కాబట్టి, అలా చేస్తే మొదటి సందేశం ఎప్పుడూ 160 నుంచి 30 మీటర్ల వరకున్న బ్యాండ్ల మీద, రెండోది ఎప్పుడూ 20 నుంచి 10 మీటర్ల వరకున్న బ్యాండ్ల మీద పడుతుంది. 20 మీటర్ల మీద వినేవారికి రోజంతా హ్యాష్ తప్ప కాల్‌సైన్ చేరదు. వంతును కట్ట సంఖ్య సరి సంఖ్యా, బేసి సంఖ్యా అన్నదాన్ని బట్టి నిర్ణయించండి. అప్పుడు ప్రతి బ్యాండ్ మీదా రెండూ మార్చిమార్చి వెళ్తాయి, వెనుకటి ప్రసారాన్ని గుర్తుపెట్టుకోవలసిన అవసరమూ ఉండదు. నిర్ణయ ఫంక్షన్ చెప్పే జవాబుకు ఈ మూడో అంశాన్ని, ఏ రకం సందేశమన్నదాన్ని, ఇప్పుడే చేర్చండి. జవాబుల ఫైలు సిద్ధమయ్యాక కొత్త నిలువు వరుస చేర్చాలంటే రెండు ప్రోగ్రామ్‌లనూ తిరగరాయాలి.

గోదారిగట్టు

సందేశం రకాన్ని చేర్చాం. ఫైలులో గీత ఉన్న కల్పిత కాల్‌సైన్‌లు రెండు పెట్టాను, ఒకటి సరి కట్టతో, మరొకటి బేసి కట్టతో మొదలవుతుంది. 10, 20, 50 శాతాలకు మించి మెనూలో ఏమీ ఉండదని మిత్రుడూ ఒప్పుకున్నారు. ఆయన ఫంక్షన్ రాగానే రెండింటినీ పోల్చి, తేడా వచ్చిన స్లాట్లు ఏవైనా ఉంటే ఇక్కడే పెడతాను. 73 (శుభాకాంక్షలు).